మీరు అమ్మే సరుకులో వెట్టిచాకిరి కలవకుండా చూసుకోవడం ఎలా

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లో ఇంటి ముందు గదిలోనే తక్కెడ, అట్టపెట్టెలు, టేపు పెట్టుకొని ఫోను మీద వ్యాపారం నడిపే తెలుగు కుటుంబాలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. జీడిపప్పు, కొండ చింతపండు, పసుపు, పట్టుచీరలు, కొమ్ముతో చేసిన బొమ్మలు, కొండ చీపుళ్లు ఇక్కడి నుంచి హైదరాబాదుకు, బెంగుళూరుకు, అప్పుడప్పుడు విదేశాలకు కూడా వెళ్తున్నాయి. మీరూ అలాంటి వ్యాపారం చేస్తుంటే, సరుకు మీ గుమ్మం చేరేలోపు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, ఆ మనుషులు స్వేచ్ఛగా పనిచేశారో లేదో తెలుసుకోవాల్సిన బాధ్యత మీ మీద ఉంది. పెద్ద కంపెనీలు ఇందుకోసం ప్రత్యేక విభాగాలు పెట్టుకుంటాయి. మీకు ఒక నోటు పుస్తకం, నెలకు ఒకటి రెండు రోజుల సమయం, అడగడానికి మొహమాటపడని నోరు ఉంటే చాలు.

ఈ బాధ్యత మన ప్రాంతపు వ్యాపారులకు మరింత ఎక్కువ. సరుకుతో పాటు కూలీలు కూడా ఇక్కడి నుంచే బయలుదేరుతారు. గంజాం జిల్లా మగవారు సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్తారు. రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల ఆడపిల్లలు తమిళనాడు నూలు మిల్లులకు వెళ్తారు. కొంచెం పైన బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే కంటాబంజి స్టేషనులో రైలెక్కి తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు చేరుకుంటాయి. వీరిలో ఎవరో ఒకరి శ్రమ ఏదో ఒక రూపంలో తిరిగి మన గోడౌనుకే వస్తుంది.

ఏది వెట్టి అవుతుందో ముందు తెలుసుకోండి

గొలుసులు, కాపలావాళ్లు ఉంటేనే వెట్టి అనుకుంటే మీకు ఎక్కడా ఏమీ కనిపించదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చెప్పేది వేరు. అప్పో అడ్వాన్సో తీసుకున్న కారణంగా ఒక మనిషి కూలి లేకుండా గానీ నామమాత్రపు కూలికి గానీ పనిచేయాల్సి వస్తే అది వెట్టి. వేరే చోట పని చూసుకునే స్వేచ్ఛ పోతే అది వెట్టి. నచ్చిన చోటికి వెళ్లే వీలు లేకపోతే అది వెట్టి. తన వస్తువును, తన శ్రమతో తయారైన సరుకును మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు కోల్పోయినా అది వెట్టే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా సరిపోతుంది. నాలుగోదాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, చింతపండు దగ్గరికి వచ్చినప్పుడు దానితో పని పడుతుంది.

రాజ్యాంగంలోని 23వ అధికరణ బలవంతపు చాకిరీని నిషేధించింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా ఆ అధికరణ కింద బలవంతపు చాకిరీయేనని 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలి వల్ల, పేదరికం వల్ల మరో దారి లేక ఒప్పుకొన్న పనిని ఇష్టపూర్వకంగా ఒప్పుకొన్నట్టు లెక్కించకూడదన్నది ఆ తీర్పులోని సారం. "వాళ్లే ఒప్పుకొని చేస్తున్నారండీ" అని సరఫరాదారు అన్నప్పుడు ఈ తీర్పును మనసులో పెట్టుకోండి. 2021లో ప్రపంచమంతటా 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. ఆ చాకిరీలో అధిక భాగం ప్రైవేటు రంగంలోనే సాగుతోంది.

సరుకు వచ్చిన దారిని వెనక్కి రాయండి

ఒక్కో సరుకుకు నోటు పుస్తకంలో ఒక్కో పేజీ కేటాయించండి. పేజీ అడుగున మీ పేరు, దాని పైన మీకు అమ్మినవారు, ఆ పైన వారికి అమ్మినవారు, అలా మొదటి చేయి వరకు రాసుకుంటూ వెళ్లండి. తెలియని చోట గడిని ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపవద్దు, ఎందుకంటే మీరు వెతకాల్సింది ఆ ఖాళీ గడుల్లోనే.

జీడిపప్పు తీసుకోండి. తోటలో పిక్కలు ఏరే కూలీ, 80 కిలోల బస్తాల్లో కొనే వ్యాపారి, పిక్కలు ఉడకబెట్టే యూనిట్, కొట్టే మహిళలు, డ్రయ్యర్, పొట్టు తీసే మహిళలు, గ్రేడింగ్, ఆ తర్వాత మీరు. మీరు మాట్లాడేది గ్రేడింగ్ చేసే షావుకారుతో మాత్రమే అయితే, మీకు తెలియని మనుషులు పైన ఆరు వరుసల్లో ఉన్నారు. పట్టుచీరకు వరుస ఇంకా పెద్దది. బరంపురం మగ్గం మీద చీర నేసిన ఇల్లు మీకు తెలిసి ఉండవచ్చు, కానీ దారం ఎక్కువగా కర్ణాటక నుంచి వస్తుంది. అక్కడి దారం తీసే, పురిపెట్టే యూనిట్లలో పిల్లలు అప్పు కింద పనిచేస్తున్నారని 2003లోనే మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ వివరంగా బయటపెట్టింది. ఇప్పుడు మీకు వచ్చే దారం అలాంటిదేనని దీని అర్థం కాదు. అడగాల్సిన గడి ఏదో మాత్రం తెలుస్తుంది.

సరుకుతో పాటు వచ్చే వాటిని కూడా రాయండి. మీరు పంచే నూలు సంచి ఏ మిల్లు నూలు? గోడౌను కట్టిస్తుంటే ఇటుకలు ఏ బట్టీవి? చాలామంది చీర గురించి ఎంతో శ్రద్ధగా అడిగి, ఇటుకల లోడు గురించి ఒక్క మాటా అడగరు. మన ప్రాంతంలో వెట్టి అత్యంత బాహాటంగా కనిపించేది ఇటుక బట్టీలోనే.

అన్నిటినీ ఒకేసారి పట్టుకోలేరు. చేతిపని ఎక్కువగా ఉన్నవి, సీజన్ పని ఉన్నవి, మేస్త్రీ ద్వారా కూలీలు వచ్చేవి, మార్కెట్ కంటే బాగా చౌకగా దొరికేవి ముందు చూడండి.

అడ్వాన్సు ఎక్కడ ఉందో వెతకండి

మిగిలినవన్నీ మరిచినా ఈ ఒక్కటి మరవవద్దు. ఈ ప్రాంతంలో మనిషిని కట్టిపడేసే తాడు అడ్వాన్సే. పశ్చిమ ఒడిశాలో కొత్త పంట పండుగ నువాఖాయ్ దాటాక, కూలీలను కుదిర్చే సర్దార్లు ఊళ్లలోకి దిగుతారు. పండుగ ఖర్చులు, వైద్యం, పెళ్లి, పాత బాకీ, ఏదో ఒక అవసరం ఉండనే ఉంటుంది. చేతిలో డబ్బు పెట్టి, ఆరు నెలల పనిని అక్కడే కొనేస్తారు. భార్యాభర్తలు, ఒక పిల్లవాడు కలిసి ఒక జట్టు. వానలు మొదలయ్యేదాకా బట్టీ వదలడానికి ఉండదు. ఎంత పనిచేసినా లెక్క షావుకారు పుస్తకంలోనే ఉంటుంది. ఇలా అడ్వాన్సు మీద వలస వెళ్లే దాదన్ కూలీల దుస్థితి ఎంత పాతదంటే, ఒడిశా ప్రభుత్వం 1975లోనే వారి కోసం ప్రత్యేక చట్టం చేసింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టానికి ముందు నడిచింది అదే. అయినా 2013 డిసెంబరులో, అడ్వాన్సు తీసుకున్న జట్టులో మిగిలినవారు తప్పించుకున్నారన్న కక్షతో, కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల కుడి చేతులను నరికేశారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ కేసును చేపట్టాల్సి వచ్చింది.

ప్రతి అడ్వాన్సూ వెట్టి కాదు. నేతగాడికి దారం కొనడానికి ఇచ్చే డబ్బు, పొలం పనికి ముందుగా ఇచ్చే బయానా లేకుండా మన పల్లెల్లో ఏ పనీ సాగదు. తేడా తెలియాలంటే కొన్ని సంగతులు చూడండి. లెక్క రాసిన కాగితం పనివారి చేతిలో కూడా ఉందా? బాకీని డబ్బుగా కట్టి ఎప్పుడైనా బయటపడవచ్చా, లేక పనితోనే తీర్చాలా? బాకీ ఉండగానే వేరే షావుకారు దగ్గర పనిచేయవచ్చా? ఏడాది క్రితం ఉన్న బాకీ ఇప్పుడు తగ్గిందా, పెరిగిందా? తండ్రి బాకీకి కొడుకు పనిచేస్తున్నాడా? చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే ఇక మిగిలినవి అడగనక్కరలేదు.

ఇప్పుడు చింతపండు సంగతి. కొండ మీది కుటుంబం వానాకాలంలో బియ్యానికో మందులకో సంత వ్యాపారి దగ్గర డబ్బు తీసుకుంటుంది. వేసవిలో చెట్టు దులిపాక ఆ కాయంతా అతనికే, అతను చెప్పిన ధరకే పోయాలి. పక్క సంతలో కిలోకు ఎక్కువ ఇస్తున్నా తీసుకెళ్లడానికి లేదు. ఇది వ్యాపారమే కదా అనిపిస్తుంది. కానీ చట్టంలోని నాలుగో అంశం సరిగ్గా దీని గురించే మాట్లాడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కును ఆ కుటుంబానికే ఇచ్చింది. కాబట్టి చింతపండు, చీపుళ్లు, ఇప్పపువ్వు కొనేవారు ధర అడగడంతో ఆగకుండా, "ఈ ఇంటివారు వేరే ఎవరికైనా అమ్ముకోవచ్చా?" అని కూడా అడగాలి. కుదిరిన చోట మహిళా సంఘాల నుంచి గానీ, ఒడిశా గిరిజన సహకార సంస్థ టి.డి.సి.సి. లాంటి వాటి ద్వారా గానీ కొనండి.

ఇంకో మాట కఠినంగానే చెప్పాలి. మీరే నేతగాళ్లకు అడ్వాన్సు ఇస్తుంటే, ఇదే ప్రశ్నల జాబితాను ముందు మీ పుస్తకం మీద పెట్టి చూసుకోండి. "నా బాకీ తీరేదాకా వేరేవాళ్లకు నేయకూడదు" అన్న మాట మీ నోట వస్తుంటే ఈ రోజే మానుకోండి. బాకీని బాకీగా, వడ్డీ లేకుండా, నెలకు ఇంత అని డబ్బు రూపంలో రాసుకోండి. లెక్క కాపీ వారికి ఇవ్వండి. మగ్గం మీద ఏ చీర, ఎవరికి నేయాలో వారి ఇష్టానికి వదిలేయండి.

వెళ్లి చూడండి, యజమాని లేని చోట అడగండి

ఫోటోలు, వీడియోలు చూసి తృప్తిపడవద్దు. మీకు సరుకు ఇచ్చే జీడి యూనిట్ పలాసలోనో గజపతి జిల్లాలోనో ఉంటే బస్సెక్కితే సగం పూటలో చేరుకుంటారు. పని నడిచే వేళకు వెళ్లండి. సాయంత్రం పని ముగిసే సమయానికి అక్కడే ఉంటే ఇంకా మంచిది, ఎవరు ఇంటికి వెళ్తున్నారో, ఎవరు అక్కడే ఉండిపోతున్నారో తెలుస్తుంది.

కళ్లతో చూడాల్సినవి: బయటి నుంచి తాళం వేసే గదులు, పనివారి ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు యజమాని బీరువాలో ఉండటం, ఫోను వాడనివ్వకపోవడం, మిమ్మల్ని చూడగానే పనివారందరూ ఒకే జవాబు చెప్పడం, బడి వేళలో పిల్లలు పనిలో కనిపించడం. జీడి పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. అందుకే కొట్టే మహిళలు వేళ్లకు బూడిదో నూనో రాసుకుంటారు. చేతి తొడుగులు ఉన్నాయా, గాయానికి మందు ఎవరు కొంటున్నారు అన్నది చూస్తే ఆ యజమానికి మనుషుల మీద ఉన్న గౌరవం అక్కడే తెలిసిపోతుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడి అయ్యాక ఇంటి పనిలో తల్లిదండ్రులకు సాయం చేయవచ్చని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చెబుతుంది. ఆ మినహాయింపు ప్రమాదకర పనులకు వర్తించదు, జీడి పని అలాంటిదే. "వాళ్లమ్మతో వచ్చిందండీ" అన్న జవాబు అక్కడ చెల్లదు.

పనివారితో మాట్లాడేటప్పుడు యజమాని గానీ మేస్త్రీ గానీ పక్కన ఉండకూడదు. మాట్లాడేది మహిళ అయితే, పనిచేసే మహిళలు త్వరగా నోరు విప్పుతారు. సవరలు, కువి మాట్లాడేవారు ఉన్న చోటికి వారి భాష తెలిసినవారిని మీరే తీసుకెళ్లండి. మేస్త్రీ అనువదిస్తే మీరు వినేది మేస్త్రీ మాటే. వెంటనే పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టవద్దు. ఎక్కడి ఊరు, పిల్లలు ఎంతమంది, పండుగకు ఇంటికి వెళ్లారా అంటూ మొదలుపెట్టి ఇలా అడగవచ్చు:

"అక్కా, కిందటి వారం చేతికి ఎంత వచ్చింది?"

"కోత ఏమైనా పెట్టారా? దేనికి?"

"పిల్లకి జ్వరం వచ్చి రేపే ఊరికి వెళ్లాలంటే ఎవరిని అడగాలి?"

"ఈ పని మానేసి వేరే చోట చేరాలంటే ఎవరికైనా డబ్బు కట్టాలా?"

మూడో ప్రశ్నకు వచ్చే జవాబును శ్రద్ధగా వినండి. "చెప్పి వెళ్తాను" అంటే ఒక రకం. "మా ఆయన్ని ఇక్కడ వదిలి వెళ్లాలి" అంటే పూర్తిగా వేరే రకం. కుటుంబంలో ఒకరిని పూచీగా ఆపుకోవడం బట్టీల్లో మామూలు ఎత్తుగడ. తమిళనాడు మిల్లుల విషయంలో అయితే, మూడేళ్ల తర్వాత పెళ్లికి మొత్తంగా డబ్బు ఇస్తామంటూ సుమంగళి పేరుతో నడిచిన పద్ధతి గురించి అడగండి. మధ్యలో మానేస్తే ఆ డబ్బు పోతుంది కాబట్టి, హాస్టలు తలుపు తెరిచి ఉన్నా పిల్ల బయటికి రాలేదు. ఆ మిల్లుకు వెళ్లడం మీ వల్ల కాదు. కానీ అక్కడి నుంచి తిరిగొచ్చిన అమ్మాయిలు మీ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు, వారిని మించిన సమాచారం ఏ తనిఖీ నివేదికలోనూ దొరకదు.

ఎవరు ఏమి చెప్పారో యజమానికి ఎప్పుడూ తెలియనివ్వవద్దు. పేర్లు రాసుకోవద్దు. ఫోటోలు తీయవద్దు.

కూలిని తలకు, రోజుకు లెక్కగట్టండి

కిలోకు ఇంత, చీరకు ఇంత, వెయ్యి ఇటుకలకు ఇంత అన్న లెక్కల్లో అన్యాయం సులువుగా దాక్కుంటుంది. దాన్ని బయటికి లాగాలంటే ప్రతి ధరనూ ఒక మనిషి ఒక రోజు సంపాదనగా మార్చాలి.

ఒక చీర నేతకు 4,000 రూపాయల కూలి అనుకుందాం. పది రోజులు పడుతుంది. వినడానికి రోజుకు 400. అయితే ఆ ఇంట్లో కండెలు చుట్టేది, అచ్చు పట్టేటప్పుడు సాయం చేసేది భార్య. ఇద్దరి శ్రమనూ లెక్కిస్తే తలకు 200. 2024లో ఒడిశా ప్రభుత్వం నైపుణ్యం అవసరం లేని పనికే రోజుకు 450 రూపాయలు కనీస వేతనంగా నిర్ణయించింది. కరువు భత్యంతో అది పెరుగుతూ ఉంటుంది, తాజా ఉత్తర్వును జిల్లా లేబర్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. నేత నైపుణ్యం ఉన్న పని కాబట్టి దానికి అంతకంటే ఎక్కువ రావాలి. తక్కువలో తక్కువ 450 చొప్పున చూసినా ఇద్దరికి పది రోజులకు 9,000 కావాలి. ఇక్కడ చీరకు 5,000 తక్కువ పడింది.

ఇటుక బట్టీలో కూడా మోసం ఇలాగే ఉంటుంది. వెయ్యి ఇటుకలకు కూలి మగవాడి పేరున రాస్తారు. మట్టి తొక్కే భార్య, ఇటుకలు తిప్పే పిల్లలు పుస్తకంలో ఎక్కడా ఉండరు. చింతపండు పిక్క తీసే పని ఇళ్లకు ఇచ్చేవారు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. మీరే ఒక గంట కూర్చుని పిక్క తీసి చూడండి, గంటకు ఎన్ని కిలోలు అవుతుందో మీకే తెలుస్తుంది. చేయి తిరిగిన మనిషి మీకంటే వేగంగా చేస్తారు, అది కలుపుకొని రేటు కట్టండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, కోతలన్నీ కలిపినా కూలిలో సగానికి మించకూడదు. తిండికి, గదికి, కరెంటుకు అంటూ కోస్తే వాటిని కూడా కలిపి చూడండి.

మీరు కొనే పద్ధతిని సరిచేసుకోండి

సరఫరాదారుకు నీతి చెప్పి, ధర మాత్రం పాతదే ఇస్తే ఏమీ మారదు. అతను వెళ్లి పనివారి కూలిలోనే కోస్తాడు. నా అభిప్రాయంలో చిన్న వ్యాపారి చేతిలో ఉన్న అసలు బలం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇది పూర్తిగా మీ నిర్ణయం.

బేరం ఆడేటప్పుడు కూలి భాగాన్ని విడిగా పెట్టండి. దారం ధర, రంగు ధర, రవాణా, లాభం మీద ఎంతైనా బేరమాడండి, కూలి మీద ఆడవద్దు. పై లెక్కలో తేలిన 5,000 మొత్తాన్ని ఒక్క మీరే పూడ్చలేకపోవచ్చు. రెండు మూడు సీజన్లలో ఎలా పెంచుతారో నేతగాడితో కూర్చుని రాసుకోండి, చీర ధర కూడా అందుకు తగ్గట్టు పెంచండి. ఆ ధరకు చీర అమ్ముడుపోదంటే ఆ చీర మీ వ్యాపారానికి తగదని అర్థం. వేరే సరుకు చూసుకోండి.

దసరాకు నాలుగు రోజుల ముందు "రెండు వందల ప్యాకెట్లు కావాలి" అని ఫోను చేస్తే, ఆ ప్యాకెట్లు రాత్రి పన్నెండు దాటాక ఎవరో కూర్చుని కట్టినవే అవుతాయి. పండుగ ఆర్డర్లు కనీసం ఒకటిన్నర నెల ముందు చెప్పండి. ఆర్డరు రద్దు చేస్తే అప్పటికి జరిగిన పనికి డబ్బు ఇవ్వండి. కొనుగోలుదారు చీర వాపసు పంపితే ఆ నష్టాన్ని నేతగాడి మీద వేయవద్దు.

డబ్బు సమయానికి ఇవ్వండి. తయారీదారు చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు అయిన ఉద్యమ్‌లో ఉంటే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. మీరు ఆలస్యం చేసిన ప్రతి వారం ఎక్కడో ఒకరు సర్దార్ దగ్గరికో వడ్డీ వ్యాపారి దగ్గరికో వెళ్తారు. మీ పుస్తకంలో ఆలస్యంగా కనిపించేది అక్కడ అడ్వాన్సుగా మారుతుంది. సరుకు అందిన రోజునే యూపీఐలో పంపగలిగితే పంపండి. కూలి భాగాన్ని నేరుగా పనిచేసిన మనిషి ఖాతాకు, ముఖ్యంగా మహిళ ఖాతాకు పంపే ఏర్పాటు కుదిరితే ఇంకా మంచిది.

ఒప్పందం, మీ సొంత ఇల్లు

సరఫరాదారుతో ఒక పేజీ ఒప్పందం చాలు, తెలుగులోనో ఒడియాలోనో వారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. బాకీతో ఎవరినీ ఆపము, గుర్తింపు కార్డులు మా దగ్గర పెట్టుకోము, పద్నాలుగేళ్ల లోపు వారిని పనిలో పెట్టము, ప్రమాదకర పనికి పద్దెనిమిదేళ్ల లోపు వారిని పెట్టము, పనిని వేరే వారికి ఇస్తే ముందుగా చెబుతాము, మీరు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. మీ వైపు మాటలు కూడా అందులోనే ఉండాలి: ఇన్ని రోజుల్లో డబ్బు, ఇంత ముందుగా ఆర్డరు, కూలి మీద బేరం లేదు. ఒక వైపు షరతులు మాత్రమే ఉన్న కాగితాన్ని ఎవరూ గౌరవించరు.

మీ గదిలో ప్యాకింగ్ చేసే అబ్బాయికి, ఇంటి పనికి వచ్చే అమ్మాయికి కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. కొండ ఊరి నుంచి "చదివిస్తాం" అని తెచ్చుకున్న పిల్ల మీ ఇంట్లో అంట్లు తోముతుంటే, ముందు ఆమెను బడికి పంపండి.

వెట్టి దొరికితే

ముందుగా రెండు పనులు చేయవద్దు. యజమానిని నిలదీయవద్దు, ఆ రాత్రికే మనుషులను వేరే చోటికి తరలిస్తాడు. అదే రోజు ఆర్డరు రద్దు చేసి చేతులు దులుపుకోవద్దు, లోపలున్నవారి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మీ అంతట మీరు వెళ్లి ఎవరినీ విడిపించే ప్రయత్నం కూడా చేయవద్దు.

పిల్లలు ఉంటే 1098కి ఫోను చేయండి. కొట్టడం, బంధించడం లాంటివి ఉంటే 112. వెట్టి అని అనుమానం ఉంటే జిల్లా కలెక్టరుకు గానీ సబ్ కలెక్టరుకు గానీ రాతపూర్వకంగా ఇవ్వండి. 1976 చట్టం కింద విచారణ జరిపి విడిపించే బాధ్యత వారిదే, వారి అధ్యక్షతన నిఘా కమిటీలు ఉండాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. చోటు, పని, సుమారుగా ఎంతమంది, ఏ జిల్లా వారు, అడ్వాన్సు వివరాలు రాయండి. ఆంధ్రలోని బట్టీ అయితే ఆ జిల్లా కలెక్టరుకు రాసి, కూలీల సొంత జిల్లా కలెక్టరుకు కాపీ పంపండి. రెండు రాష్ట్రాల మధ్య కాగితం ఎక్కడో ఆగిపోకుండా అది ఉపయోగపడుతుంది. దారి తెలియకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోను 15100.

పనివారికి మీరు తప్పకుండా చేరవేయాల్సిన సంగతులు రెండు ఉన్నాయి. వెట్టి అని తేలితే ఆ బాకీ చట్టం ముందు రద్దవుతుంది, ఎవరూ వసూలు చేయకూడదు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేయాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది. విడుదల ధ్రువపత్రాన్ని పట్టుబట్టి తీసుకోమనండి. కేంద్ర పునరావాస పథకం కింద మగవారికి లక్ష, మహిళలకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో మూడు లక్షల రూపాయల సాయం ఉంది. ఆ పత్రం లేకపోతే దాని కోసం ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

అన్నీ వెట్టి స్థాయికి చేరవు. కూలి తక్కువగా ఉంది, లెక్క కాగితం ఇవ్వడం లేదు, బాకీ అడుగుతున్నారు కానీ బెదిరింపు లేదు అన్న చోట సరఫరాదారుతో కూర్చోండి. మూడు నెలల గడువు ఇచ్చి, మీ ధర కూడా సవరించి, మళ్లీ వెళ్లి చూడండి. మారకపోతే అప్పుడు వదిలేయండి. వదిలేటప్పుడు మీరు బాకీ ఉన్న డబ్బంతా ఇచ్చేయండి, పనివారి కూలి అందిందో లేదో కనుక్కోండి.

కొనేవారికి చెప్పేటప్పుడు

"మా సరుకులో బలవంతపు చాకిరీ లేదు" అని రాయవద్దు, అంత మాట అనగలిగిన వ్యాపారి ఎవరూ లేరు. ఎంత దూరం చూశారో అంతే రాయండి. "పొట్టు తీసే యూనిట్ వరకు స్వయంగా చూశాము, తోట కూలీల కూలి వివరాలు సేకరిస్తున్నాము" అని రాస్తే తెలివైన కొనుగోలుదారు గౌరవిస్తారు. ఎగుమతిదారు ద్వారా యూరప్‌కు పంపేవారు మరో సంగతి గమనించండి. బలవంతపు చాకిరీతో తయారైన వస్తువులను నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన నిబంధన 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది. వ్యాపారం చిన్నదైనా, ఆన్‌లైన్‌లో అమ్మినా అది వర్తిస్తుంది. ఎగుమతిదారు ఫారం పంపి సంతకం అడిగితే, మీ నోటు పుస్తకంలోని పేజీలు చూసి నిండిన గడులకు మాత్రమే సంతకం చేయండి, ఖాళీ గడులను ఖాళీ అనే రాయండి.

ఆ పుస్తకాన్ని ఏడాదికి రెండుసార్లు మళ్లీ తెరవండి. జీడి, చింతపండు చేతికొచ్చే వేసవిలో ఒకసారి, నువాఖాయ్ దాటి సర్దార్లు ఊళ్లలో తిరిగే రోజుల్లో ఇంకొకసారి. ఆ రెండో విడతలో మీ సరఫరాదారులను, నేతగాళ్లను, పిక్క తీసే ఇళ్లవారిని ఒకే ప్రశ్న అడగండి: ఈ ఏడాది ఎవరి దగ్గరైనా అడ్వాన్సు తీసుకోవాల్సిన అవసరం పడిందా, ఎంత? అవునన్న ఇంటికి మీరు బాకీ ఉన్న డబ్బు ఏదైనా ఉంటే ఆ రోజే పంపండి.